మూరెడు గద్దె

రాయి ఒక మాట చెబుతోంది, మిషను ఇంకో మాట చెబుతోంది. మొగపాలెం రేవులో ఆ రెంటి మధ్య శైలజను నిలబెట్టేసి, పోయిన వారం మనం చక్కా మన పనులు చూసుకోవడానికి వెళ్లిపోయాం. నయం, అక్కడ గడిచింది పావుగంటే. వాన తెరిపి ఇవ్వలేదు. పున్నమి పోటు తగ్గలేదు. పైన కొండల్లో కురిసిన నీళ్లన్నీ మోసుకుని గెడ్డ ఎర్రగా దిగుతూనే ఉంది. టైము పదకొండున్నర.

కథ ఇప్పుడే అందుకుంటున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మొగపాలెం సముద్రానికీ గెడ్డకీ నడుమ ఇసుక మీద కూర్చున్న చేపలవాళ్ల ఊరు. నూట నలభై గడపలు. గెడ్డ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆరేళ్ల కిందట అడ్డంగా ఇనప తలుపులు కట్టారు. తుపాను వచ్చినప్పుడు సముద్రం గెడ్డలోకి ఎగదన్ని ఊరి వెనక వీధినీ, తాగే నూతుల్నీ, ఆ పైనున్న వరి పొలాల్నీ ఉప్పునీట ముంచకుండా ఆపేది ఆ తలుపులే. చిన్నవి మూడు ఖానాలు, పడవలు వచ్చిపోయేందుకు ఒక పెద్ద ఖానా. పెద్ద ఖానా తలుపు చక్రానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి మొగపాలెం వాళ్లది, రెండోది పై ఊరి రైతులది. వీళ్లను అడక్కుండా వాళ్లు, వాళ్లను అడక్కుండా వీళ్లు తలుపు ముట్టుకోకూడదని, రెండు ఊళ్లూ ఏడాది పాటు కొట్లాడుకుని చివరికి చేసుకున్న ఏర్పాటు అది.

తలుపు ఎప్పుడు మూయాలో చెప్పేది నీటిరాయి. రేవు మెట్ల పక్కన నిలబడ్డ నల్లరాయి, దాని మీద తాతల నాడు ఉలితో చెక్కిన మూడు గీతలు. తలుపులు కట్టిన ఇంజనీర్లు కూడా ఆ గీతల్నే చూసి లెక్క కట్టారు. మొదటి గీతకు నీళ్లొస్తే సామాను సర్దుకోవాలి. రెండో గీతకు వస్తే చిన్న ఖానాలు మూయాలి. మూడో గీతకు వస్తే సైరన్ మోగించి, పెద్ద తలుపు దించి, ఊరు ఊరంతా షెల్టరుకు పోవాలి. మూడో గీత దాటిందా, ఇక తలుపు దిగదు. నీటి తోపుడుకి గాడిలో బిగుసుకుపోతుంది.

పోయిన ఏడు ఒక మిషను కూడా వచ్చింది. తలుపుల మీద స్తంభానికి బిగించిన తెల్ల డబ్బా. నీటి ఎత్తు కొలిచి ఫోన్లకు పసుపు, ఎరుపు అని పంపుతుంది. అది రెండుసార్లు ఎరుపు చూపించి ఊరిని పరుగులు పెట్టించింది, రెండుసార్లూ ఏమీ కాలేదు. ఇసుక మీద ఆరబెట్టిన చేపలు వానకు కుళ్లి పోయాయి, ఆడవాళ్లు మిషనుకు శాపనార్థాలు పెట్టారు. అప్పుడు పై ఊరి పెద్దల్ని కూడా పిలిచి ఊరు కూర్చుని తీర్మానం చేసింది: మిషను ఏం చెప్పినా సరే, రాయి చెప్పిందే మాట. ఆ తీర్మానం కాగితం మీద రాసింది తుపాను కమిటీ పెద్ద శైలజే. ఇంటర్ చదివిన కోడలు, చేతిరాత గుండ్రంగా ఉంటుంది.

ఇప్పుడు మిషను ఎరుపు చూపిస్తోంది. రాయి మీద నీళ్లు రెండో గీత కాస్త దాటి ఉన్నాయి. చిన్న ఖానాలు అప్పటికే మూసేశారు. శైలజ మొగుడు త్రినాథ్, ఇంకో నలుగురితో కలిసి, సముద్రం మీద ఉన్నాడు.

వాళ్లు బయల్దేరి మూడు రోజులైంది. అప్పటికి వాయుగుండం కబురు లేదు. తిరిగొస్తుంటే ఇంజను మొరాయించింది. పొద్దున తొమ్మిదికి ఎక్కడో సిగ్నలు అందితే ఫోను చేశాడు. "ఒడ్డంట వచ్చేస్తన్నాం, రెండు గంటలకల్లా మొగ కాడ ఉంతాం. అమ్మకి సెప్పు, కంగారు పడొద్దని." అంతే, ఆ తరవాత ఫోను మూగపోయింది.

శైలజ తలుపుల మీది నడవ ఊచ పట్టుకుని నిలబడి మొగ వైపే చూస్తోంది. కొంగు తలకి చుట్టుకుంది గానీ, ఆ వానకి కొంగేం ఆగుతుంది. గట్టు మీద స్కూటరు ఆగిన చప్పుడైంది. పై ఊరి జగన్నాధం దిగాడు. గొడుగు గాలికి వెనక్కి తిరగబడితే దాన్ని అక్కడే పారేసి, తల మీద తువ్వాలు కప్పుకుని నడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి. పైన ఆయన చేను పాలు పోసుకుంటోంది. ఉప్పునీళ్లు ఒక్క పూట నిలబడితే ఈ పంటే కాదు, వచ్చే రెండు పంటలూ ఉండవు.

"శైలూ, నా ఫోను సూసినావా? ఎర్రగా అయిపోనాది," అన్నాడు. తడిసిన చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "నాది తెచ్చీసినాను. నీది తియ్యి. తలుపు దించీద్దుం."

"రాయి ఇంకా రెండో గీత కాడే ఉన్నాది మావా. తీర్మానం రాయి మీదే కదా."

"తీర్మానం మీద నానూ వేలిముద్రేసినాను గానీ..." ఆయన మొగ వైపు చూశాడు. ఆ వైపు ఆయన చూసింది శైలజకు తెలిసింది. ఆయనకు విషయం తెలుసు. తెలిసి కూడా గొంతు పెంచలేదు. "కుర్రోళ్ల సంగతి నాకు తెల్దనుకోకు. ఇంకా ఎంతసేపంట?"

"రెండు గంటలకి వస్తామన్నారు."

జగన్నాధం తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు. నడవ ఊచ పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు. ఇదే ఆయన అరిచి గీపెట్టి ఉంటే శైలజకు సులువయ్యేది. తనూ అరిచేది. కొడుకు వయసు వాళ్ల కోసం పంటను నీళ్లకు ఒగ్గి మౌనంగా నిలబడే మనిషితో ఎలా పోట్లాడటం? ఆమెకు సిగ్గేసింది. ఎందుకు సిగ్గో కూడా తెలుసు. రాయి మీద ఆమెకు పొద్దుటినుంచి పుట్టుకొచ్చిన భక్తి ఊరి తీర్మానం వల్ల పుట్టింది కాదు. మూడో గీతకి ఇంకా రెండున్నర గంటలు పడుతుందని రాయి చెబుతోంది. త్రినాథ్ రావడానికి రెండున్నర గంటలే పడుతుంది.

ఆమె ఫోను మోగింది. విజయనగరం నుంచి అనూరాధ. తెల్ల డబ్బా బిగించడానికి వచ్చి మొగపాలెంలో పది రోజులు ఉండిపోయిన ఇంజనీరమ్మాయి. శైలజ అత్త గున్నమ్మ చేతి చేపల పులుసుకి అలవాటు పడి, పండక్కి కూడా ఫోను చేస్తుంటుంది. వాన హోరులో వినిపించదని శైలజ స్పీకరు పెట్టింది.

"అక్కా, తలుపు మూశారా?"

"లేదు అనూ. మిషను మళ్లీ గోల సేస్తన్నాది. వలముక్కేదో సుట్టుకుందేమో సూడు."

"మొదటిసారి వలే చుట్టుకుంది, ఒప్పుకుంటున్నా. రెండోసారి నేను ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఇవాళ కూడా లేదు. పక్క ఊరి మిషనూ, ఇదీ ఒకే లెక్క చెబుతున్నాయి." అవతల ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. "అక్కా, ఒక్కటి చెప్పు. రాత్రి నుంచి ఆలోచిస్తున్నా. ఆ నీటిరాయి కింద ఏముంది?"

"కిందేటుంతాది? గద్దె ఉన్నాది. సిమెంటు గద్దె."

"ఆరేళ్ల కిందట ఇంజనీర్లు తీసిన ఫొటో నా ముందుంది. అందులో రాయి నేలలోంచే లేచింది. గద్దె లేదు."

శైలజ తిరిగి రేవు మెట్ల వైపు చూసింది.

గద్దె ఎందుకు ఉండదు, ఉంది. అది ఎలా వచ్చిందో ఆమెకు బాగా తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. రెండేళ్ల కిందటి తుపానుకి త్రినాథ్ మూడు రోజులు కనపడకుండా పోయాడు. నాలుగో రోజు ఒడిశా ఒడ్డున తేలి ఇంటికొచ్చాడు. ఆ నెలలోనే అతని తల్లి గున్నమ్మ మొక్కు తీర్చుకుంది. ఆ తుపానులో నీళ్లు ఆ రాయి కాడికొచ్చి ఆగాయి గనక అది రాయి కాదు, గంగమ్మ తల్లి అని అప్పటికే ఊరు పసుపు రాయడం మొదలెట్టింది. తల్లి మట్టిలో ఉండకూడదని, ఎవరి కాళ్లూ తగలకూడదని, ఆరుగురు మగాళ్లు రాయిని ఎత్తిపట్టుకుంటే మేస్త్రీ కింద గద్దె కట్టాడు. ఆ సిమెంటు ఆరిపోకుండా వారం రోజులు గోనెసంచులు తడిపింది ఎవరు? శైలజే. పూటకి రెండు బిందెలు పోసేది.

నూట నలభై గడపల వాళ్లు ఆ పూజకు వచ్చారు. కొబ్బరికాయలు కొట్టారు, పులిహోర తిన్నారు. రాయి పైకి లేచిందంటే గీతలు కూడా పైకి లేచాయన్న మాట ఒక్కళ్లకు తట్టలేదు. తల్లికి గద్దె కట్టడం ఒక పని, నీళ్లు కొలవడం ఇంకో పని. రెండూ ఒకే రాయి మీద జరుగుతున్నాయని ఎవరు అనుకుంటారు? పోయిన ఏడు మిషను రెండోసారి ఎరుపు చూపించిన రోజున అబద్ధమాడింది మిషను కాదు. ఆ రోజు పోటు వెనక్కి తీసింది గనక ఊరు బతికింది. అంతే.

"అక్కా? వింటున్నావా?"

"ఇంతన్నాను," అంది శైలజ. "నాను మళ్లీ సేస్తాను అనూ."

ఫోను కొంగులో దోపుకుంది. జగన్నాధం మొహం చూసి, ఆయనకు మళ్లీ చెప్పే పని లేదని గ్రహించింది. స్పీకరులో అన్నీ విన్నాడు. మీసాల మీంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

"ఆ గద్దె పనికి ఇసక నా బండి మీదే ఎల్లింది," అన్నాడు నెమ్మదిగా. "నీ తాళంచెవేదే అమ్మా?"

తాళంచెవి శైలజ దగ్గర లేదు. తలుపు మూసే ముందు చెవిని తల్లి పాదాల దగ్గర పెట్టి పసుపు బొట్టు పెట్టడం కూడా ఈ మధ్య మొదలైన ఆచారమే. పొద్దున అత్త "ఇలాగియ్యి, తల్లికి సూపించి ఇస్తాను," అంటే ఇచ్చింది. మళ్లీ అడగడం మర్చిపోయింది. అత్త ఇవ్వడమూ మర్చిపోయిందనే అనుకుంది.

గున్నమ్మ రేవు మెట్ల మీదే ఉంది. పొద్దున ఏడు గంటల నుంచీ అక్కడే. ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, రాయికి ఎదురుగా, నీళ్లు మోకాళ్లను తాకుతున్నా కదలకుండా కూర్చుంది. సన్నటి మనిషి. నలభై ఏళ్లు తల మీద చేపల తట్ట పెట్టుకుని నరసన్నపేట సంత దాకా తిరిగింది. ఆ మెడ ఇప్పటికీ వంగలేదు.

"అత్తా, తాళంచెవి ఇయ్యి."

"టైమవ్వలేదు కదే. రాయి సూడు."

"రాయి తప్పు సెప్తన్నాది అత్తా."

గున్నమ్మ అప్పుడు తల తిప్పి చూసింది. కోడల్ని, వెనక నిలబడ్డ జగన్నాధాన్ని. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరికి పోయింది. తాళంచెవి బొడ్లో ఉందని శైలజకు అర్థమైంది. మర్చిపోలేదు. దాచింది.

శైలజ మెట్టు దిగి ఆమె పక్కన కూర్చుంది. నీళ్లు చల్లగా మోకాళ్ల మీదికి వచ్చాయి. అనూరాధ అడిగింది చెప్పింది. ఫొటో సంగతి చెప్పింది. చిన్నపిల్లకి చెప్పినట్టు కాకుండా, కమిటీ మీటింగులో చెప్పినట్టు కాకుండా, వంటింట్లో కూర్చుని చెప్పినట్టు చెప్పింది. గున్నమ్మ అంతా వింది.

"అయితే ఏటంతావు? నా మొక్కు తప్పంతావా?" గున్నమ్మ కసిరింది. "మూడు రోజులు! మూడు రోజులు నా గుంటడు కానరాలేదు. ఊరంతా ఆశొదిలీసింది. నువ్వు గోడకి చేరబడి గాజులు సూసుకుంటూ ఏడ్సినావు, నాను సూడలేదనుకున్నావేటి? నాను ఈ రాయి కాడే పడుకున్నాను. తల్లీ, నా కొడుకుని పంపించీ, నిన్ను మూరెడెత్తున కూకోబెడతాను అన్నాను. పంపించింది. మూరెడెత్తున కూకోబెట్టినాను. మేస్త్రీ టేపు తీస్తే వొద్దని, నా సేతి మూరతోనే కొలిసి కట్టించినాను. ఇప్పుడేమో అది తప్పంతావు!"

"గద్దె తప్పనలేదత్తా. గద్దె కట్టిన్నాడే గీతలు కిందకి దించుకోవాల. అది మర్సిపోనాం. నువ్వొక్కతివే కాదు, అందరం మర్సిపోనాం. గోనెలు తడిపింది నాను కాదేటి?"

"గున్నమ్మా," అన్నాడు జగన్నాధం, "ఇసక నాది. తప్పు నాలో కూడా ఉన్నాది."

"నువ్వు నోరుముయ్యి బావూ! నీకు నీ వరి కావాల." ఆ మాట అనేసి గున్నమ్మ వెంటనే నాలుక కరుచుకుంది. ముప్పై ఏళ్లుగా వాళ్లింటి అరుగు మీద తట్ట దించి మజ్జిగ తాగి వచ్చిన మనిషి ఆమె. జగన్నాధం తల వంచుకుని ఇంకో మెట్టు దిగి నిలబడ్డాడు.

అవతల, సరుగుడు తోట వెనక, సముద్రం ఇసుక దిబ్బను కొడుతున్న చప్పుడు. ఆ దిబ్బ మీద మొగలి పొదలు నాటిందీ, కాపాడిందీ ఈ అత్తాకోడళ్లే. మేకల్ని తోలుతూ గున్నమ్మ ఎన్ని కర్రలు విరగ్గొట్టిందో ఊరికి తెలుసు. నీళ్లంటే తెలియని మనిషి కాదు. ఆపదంటే తెలియని మనిషి అంతకంటే కాదు.

"తలుపు మూసీస్తే," అంది గున్నమ్మ చివరికి, గొంతు బాగా తగ్గించి, "ఆడు ఏ దారంట వస్తాడే?"

ఇదీ అసలు మాట. పొద్దుటినుంచి ఇద్దరి గొంతుల్లోనూ ఇరుక్కుని ఉన్న మాట. ఇంత అలలో ఒడ్డుకు నేరుగా పడవ తోలడం కుదరదు, బోర్లా పడుతుంది. గెడ్డలోకి దూరడమే దారి. ఆ దారి ఈ తలుపే.

శైలజ అత్త చెయ్యి పట్టుకుంది. ఏడవకూడదని అనుకుంది గానీ ఏడుపొచ్చేసింది. వానలో ఎలాగూ తెలియదులే అనుకుని ఆపుకోలేదు.

"నాకు తెల్దా అత్తా? పొద్దున్నుంచి ఈ రాయిని ఎందుకు నమ్ముతన్నానో సెప్పనా? ఆయనొచ్చేదాకా టైముందని సెప్తన్నాది. అందుకే. మిషను ఏటి సెప్పినా ఇనకూడదనుకున్నాను. నీ మొక్కు నీది, నా మొక్కు నాది. ఇద్దరం ఒక్కటే సేస్తన్నాం." ముక్కు తుడుచుకుంది. "కానీ ఎనక వీధిలో తవిటమ్మ పిన్ని మంచం దిగలేదు. రాణి పురిటి మంచం మీద ఉన్నాది, పిల్లకి తొమ్మిదో రోజు. రాయి తప్పని తెలిసినాక కూడా, తెల్దని కూకుంటే, ఆల్లకేటి సెప్పమంతావు?"

గున్నమ్మ కోడలి మొహం చూసింది. ఎంతసేపు చూసిందంటే, జగన్నాధం ఇబ్బందిగా అటు తిరిగిపోయాడు. తరవాత ఆమె పట్టా తీసి మెట్టు మీద పెట్టింది. లేచి, ఒక్కో మెట్టే దిగింది. నీళ్లు నడుము దాటాయి. శైలజ కంగారుగా వెనకే దిగి కొంగు పట్టుకుంది. గున్నమ్మ రాయిని రెండు చేతులా కౌగిలించుకుని నిలదొక్కుకుంది.

"తల్లీ, సెమించు," అని, ఎడమ చేత్తో రాయి మీది పసుపునీ కుంకాన్నీ తుడవడం మొదలెట్టింది. రెండేళ్ల పొర. వాన సాయం చేసింది. పచ్చగా, ఎర్రగా కారిపోయింది. అడుగున నల్లగా మూడో గీత కనిపించింది.

గున్నమ్మ తన కుడి మోచేతిని సరిగ్గా ఆ గీత మీద ఆనించింది. అరచెయ్యి చాపి, వేళ్లు కిందకు పెట్టి, రాయి వెంట చెయ్యి నిటారుగా దించింది. మొక్కుకున్న చెయ్యి. మేస్త్రీకి కొలతిచ్చిన చెయ్యి. మూరెడు గద్దె ఎంతో ఈ లోకంలో అంత కచ్చితంగా చెప్పగలిగింది అదొక్కటే.

గోళ్లు నీళ్లలో మునిగాయి.

మూడో గీత ఉండాల్సిన చోటు అది. నీళ్లు వచ్చేసి ఉన్నాయి.

ముగ్గురూ ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయారు. ఒక అల వచ్చి గున్నమ్మ వేలి కణుపు దాకా తడిపి వెళ్లింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తడి మొహంతో తల పంకించింది, ఎవరితోనో ఒప్పుకున్నట్టుగా. తరవాత బొడ్లోంచి తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది. దాని మీద పసుపు బొట్టు చెరిగిపోకుండా ఉంది.

"బేగి పద," అంది.

ముగ్గురూ నడవ మీదికి పరిగెత్తారు. జగన్నాధం తన తాళం తీశాడు, శైలజ తన తాళం తీసింది. రెండు గొలుసులూ జారి పడ్డాయి. "నువ్వు సైరన్ కాడికెల్లు మావా," అంది శైలజ. ఆయన గట్టు మీది చేతి సైరన్ దగ్గరికి పరిగెత్తి పిడి తిప్పడం మొదలుపెట్టాడు. ఆ కూత వానను చీల్చుకుని ఊరి మీద పడింది. వీధుల్లో తలుపులు తెరుచుకున్నాయి. పోయిన నెలే సాధన చేసుకున్నారు గనక ఎవరి పని వాళ్లకు తెలుసు. ఎడమ వీధి వాళ్లు ముసలివాళ్లను మోస్తున్నారు, కుడి వీధి వాళ్లు పిల్లల్ని లెక్కపెడుతున్నారు. రాణిని మంచంతో సహా నలుగురు ఎత్తుకుని షెల్టరు మెట్లెక్కించడం శైలజకు నడవ మీంచి కనిపించింది.

ఇక చక్రం. పెద్ద తలుపు పూర్తిగా దిగడానికి ముప్పై ఆరు చుట్లు. దానికి రెండు పిడులు, అటొకటి ఇటొకటి, ఇద్దరు మనుషుల పని. ఎప్పుడూ ఆ పని చేసేది త్రినాథూ, వాళ్ల చిన్నాన్న గంగులూ. ఇద్దరూ ఇప్పుడు ఆ పడవలోనే ఉన్నారు. షెల్టరు నుంచి మగాళ్లను పిలిచే వ్యవధి లేదు. నీళ్లు తోసేస్తున్నాయి. ఇటు పిడి శైలజ పట్టుకుంది. అటు పిడి ఎవరూ చెప్పకుండానే గున్నమ్మ పట్టుకుంది.

"ఆపకూడదు అత్తా. మజ్జిలో ఆపితే బిగుసుకుపోతాది. అటూ రాదు, ఇటూ రాదు."

"నాకు తెలుసు. తిప్పు."

శైలజ పైకే లెక్కపెడుతూ తిప్పింది. ఒకటి, రెండు, మూడు. మొదట్లో తేలిగ్గానే దిగింది. పది దాటాక భుజాలు లాగాయి. పదిహేను దగ్గర తలుపు అంచు పడవ కొమ్ము ఎత్తుకు వచ్చింది, ఇక పడవ దూరే వీలు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. ఇరవై దగ్గర తలుపు గాడిలో మూలిగింది, కీచుమంది, మళ్లీ కదిలింది. గున్నమ్మ అరచేతులు చీరుకుపోయి పిడి మీద నెత్తురు కనిపించింది. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

సైరన్ ఆగిపోయింది.

"శైలూ!" గట్టు మీంచి జగన్నాధం కేక. ఒక చెయ్యి మొగ వైపు చాపి ఉంది. "పడవ! పడవొస్తన్నాది!"

శైలజ తలెత్తింది. అలల అవతల, వానలో మసగ్గా, నీలం పట్టా కట్టిన పడవ పైకి లేచింది, మాయమైంది, మళ్లీ లేచింది. ఆ పట్టా కుట్టింది ఆమే. రెండు గంటలకు రావాల్సినవాళ్లు పన్నెండున్నర కాకుండానే వచ్చేశారు. పడవ కొమ్ము దగ్గర ఒకడు నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. తలుపు తెరిచే ఉందనుకుని నేరుగా మొగలోకే వస్తున్నారు.

ఆమె చేతులు పిడి మీద ఆగిపోయాయి. ఆపాలని ఆమె అనుకోలేదు, అవే ఆగిపోయాయి. గొంతులో లెక్క కూడా ఆగిపోయింది.

చక్రం మాత్రం ఆగలేదు. అదే వైపుకి, నెమ్మదిగా, కీచుమంటూ తిరుగుతోంది. అవతలి పిడి మీద గున్నమ్మ రెండు చేతులూ, గుండె కూడా ఆనించి తోస్తోంది. కళ్లు కొడుకు పడవ మీదే ఉన్నాయి.

"ఇరవై మూడు," అంది గున్నమ్మ.